ఎన్‌క్లెక్స్ పాసైతే వీసా వచ్చేసినట్టేనా? నర్సుల విదేశీ ఉద్యోగాలపై అపోహలు - వాస్తవాలు

గుంటూరు బ్రాడీపేటలో నర్సుల ఫైళ్లు చూసే పని నాది. అంతకుముందు రియాద్‌లో స్టాఫ్ నర్సుగా చేశాను. ఈమధ్య ఎవరొచ్చినా, కుర్చీలో కూర్చోకముందే అమెరికా నర్సు లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్ గురించి ఒకటే ప్రశ్న: "మేడం, ఎన్‌క్లెక్స్ అయిపోయింది. వీసాకి ఎన్ని నెలలు పడుతుంది?" కోచింగ్ సెంటర్ వాళ్లు ఏడాది అని చెప్పి ఉంటారు. వాట్సాప్ గ్రూపులో ఎవరో ఆరు నెలలని పెట్టి ఉంటారు. ఒక్కొక్కరికీ చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

అపోహ: ఎన్‌క్లెక్స్ పాసైతే ఏడాది రెండేళ్లలో గ్రీన్‌కార్డు.

వాస్తవం: ఎన్‌క్లెక్స్ లైసెన్సు పరీక్ష. అమెరికాలో ఆర్ఎన్‌గా (రిజిస్టర్డ్ నర్సుగా) పనిచేసే అర్హత మీకుందని చెబుతుంది, అంతే. మిమ్మల్ని ఆ దేశంలోకి రానివ్వడం వేరే శాఖ పని, దానికి వేరే చట్టం, వేరే క్యూ.

స్టాఫ్ నర్సులు ఎక్కువగా వెళ్లేది ఈబీ-3 దారిలో, అంటే ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్‌కార్డుల మూడో కేటగిరీలో. మన వృత్తి షెడ్యూల్ ఏ (అక్కడ మనుషుల కొరత ఉన్న వృత్తుల జాబితా) కింద ఉంది కాబట్టి, అక్కడివాళ్లెవరూ దొరకలేదని చూపించే పెర్మ్ లేబర్ సర్టిఫికేషన్ అక్కర్లేదు. ఆస్పత్రి మీకోసం గ్రీన్‌కార్డు పిటిషన్ (ఐ-140) వేసిన రోజే మీ ప్రయారిటీ డేట్, అంటే క్యూలో మీ స్థానం. ఇంతవరకు కోచింగ్ సెంటర్లు చెప్పేది నిజమే. అక్కడితో ఆపేస్తారు, అదే బాధ. ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్లకైనా ఈ గ్రీన్‌కార్డుల కోటాలో సుమారు 7 శాతమే దక్కుతుంది. నర్సులకంటూ ప్రత్యేక క్యూ లేదు. మన సాఫ్ట్‌వేర్ వాళ్లు ఎప్పటినుంచో అదే క్యూలో ఉన్నారు. ఏ తేదీ వాళ్ల వంతు వచ్చిందో అమెరికా ప్రభుత్వం నెలనెలా చెప్పే వీసా బులెటిన్లు 2025వి తీసి చూడండి, భారత్ ఈబీ-3 గడిలో కనిపించేది 2012 చివర, 2013. అంటే అప్పుడు వేసిన ఫైళ్లు 2025లో కదిలాయి. యూట్యూబ్‌లో "నాకు రెండేళ్లలో వచ్చేసింది" అని చెప్పే అమ్మాయి ఫిలిప్పీన్స్‌లో పుట్టి ఉంటుంది. ఆమె చెప్పింది అబద్ధం కాదు, ఆమె క్యూ వేరు.

దీనికి తోకలా ఇంకోటి: "గల్ఫ్ నుంచి వేస్తే త్వరగా వస్తుందట." రాదు. చూసేది మీరు పనిచేసే దేశం కాదు, పాస్‌పోర్టు కాదు, పుట్టిన దేశం. అయితే భర్తో భార్యో వేరే దేశంలో పుట్టి ఉంటే ఆ దేశం లెక్కలోకి వెళ్లొచ్చు. ఈ సంగతి అడిగేవాళ్లే ఉండరు. తెనాలి నుంచి ఒక జంట వచ్చారు. ఆమె సౌదీలో చేస్తోంది, ఆయనకిక్కడ మెడికల్ షాపు. పేపర్లు తిరగేస్తుంటే అడుగున అరబిక్ ముద్రతో ఆయన జనన ధ్రువపత్రం. వాళ్ల నాన్న కువైట్‌లో పనిచేసే రోజుల్లో అక్కడే పుట్టాడట. "ఇది పనికిరాదేమోనని కింద పెట్టామండీ" అన్నాడు. ఆ ఫైల్లో అన్నిటికన్నా విలువైన కాగితం అదే! ఆ ఒక్క కాగితంతో వాళ్లు భారత్ క్యూలోంచి బయటపడ్డారు.

మరి మిగతావాళ్లు వేయకూడదా? వేయండి. ఐ-140 ఆమోదమయ్యాక ఆస్పత్రి మారినా ఆ తేదీ సాధారణంగా మీదే. కానీ ఎన్‌క్లెక్స్ రిజల్టు చూసి ఇక్కడి ఉద్యోగం మానేసేవాళ్లని, "వీసా వచ్చాకే పెళ్లి" అని సంబంధాలు వెనక్కి పంపేవాళ్లని చూస్తే కడుపు తరుక్కుపోతుంది. పిల్లలున్నవాళ్లు ఇంకో లెక్క కూడా వేసుకోవాలి. 21 దాటిన పిల్లలు మీ ఫైల్లోంచి జారిపోతారు. వయసు లెక్కలో కొంత మినహాయింపు ఉంటుంది గానీ, పదేళ్ల పైన సాగే క్యూలో అది ఏ మూలకి?

హెచ్-1బీలో వెళ్లొచ్చుగా అంటారు. మామూలు వార్డు నర్సు ఉద్యోగానికి అది దాదాపు దొరకదు, ఆ కొలువుకు డిగ్రీ తప్పనిసరి అని అమెరికా ఇమిగ్రేషన్ వాళ్లు ఒప్పుకోరు. ఎమ్మెస్సీ ఉంటే ఈబీ-2 (పై చదువులవాళ్ల గ్రీన్‌కార్డు కేటగిరీ) అంటారు. మీ చదువు ఒక్కటే చాలదు, ఉద్యోగం కూడా ఆ స్థాయి అడగాలి. పైగా భారత్ ఈబీ-2 కూడా 2025లో ఆ 2012-13 దగ్గరే ఉంది. కెనడా వెళ్లి టీఎన్ అనే అమెరికా వర్క్ వీసా మీద దూరదాం అంటే, అది కెనడా, మెక్సికో పౌరులకే. కెనడా పీఆర్ (శాశ్వత నివాసం) మాత్రమే ఉంటే కుదరదు.

అపోహ: డబ్బు కడితే బ్రిటన్ ఉద్యోగం, సీఓఎస్ (వీసాకి యజమాని ఇచ్చే స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్) రెండూ వస్తాయి.

వాస్తవం: సత్తెనపల్లి వైపు నుంచి ఒక తండ్రీకూతుళ్లు వచ్చారు. ప్లాస్టిక్ కవర్లోంచి కలర్ ప్రింటు ఆఫర్ లెటర్ తీశారు. పైన లోగో, కింద సంతకం, అడుగున జీమెయిల్ ఐడీ. ఉద్యోగం స్టాఫ్ నర్సట, బ్రిటన్ నర్సింగ్ కౌన్సిల్ ఎన్ఎంసీ ఊసే లేదు. అమ్మాయి ఆ కౌన్సిల్ కంప్యూటర్ పరీక్ష సీబీటీ కూడా రాయలేదు. "ఎంత కట్టారండీ?" అన్నాను. ఆయన కూతురి వైపు చూసి, "దాని పెళ్లికని ఉంచిందంతా మేడం గారూ" అన్నాడు. స్పాన్సర్ లైసెన్సు ఉన్న సంస్థల జాబితా బ్రిటన్ ప్రభుత్వమే నెట్‌లో ఉచితంగా పెడుతుంది. అక్కడే ఫోన్లో వెతికి చూపించాను. ఆ పేరు లేదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా ఏజెంటు దగ్గరే ఉన్నాయట. అమ్మాయ్, ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వొద్దు. చూపించు, స్కాన్ ఇవ్వు, ఇంటికి తెచ్చుకో.

ఉద్యోగం ఇప్పించినందుకు నర్సు దగ్గర ఫీజు తీసుకోవడాన్ని ఇంగ్లండ్ నియామక నియమావళే ఒప్పుకోదు. ఇక "నర్సుగా కాకపోతే కేరర్‌గా పంపుతాం" అనేవాళ్లు ఇంకా ఉన్నారు. విదేశాల నుంచి కొత్తగా కేరర్లను తీసుకునే ఆ దారి 2025 జులై 22న మూసేశారు. నర్సులకు హెల్త్ అండ్ కేర్ వీసా ఉంది. దానికి కావాల్సిన ఎన్ఎంసీ రిజిస్ట్రేషన్‌కి ఐఈఎల్‌టీఎస్‌లో రైటింగ్ 6.5, మిగతా మూడూ 7, లేదంటే ఓఈటీ (వైద్య రంగం వాళ్ల ఇంగ్లిష్ పరీక్ష); సీబీటీ ఇక్కడ, ఓస్కీ అనే ప్రాక్టికల్ పరీక్ష అక్కడ.

ఏజెంటు గోడకి జీఎస్టీ సర్టిఫికెట్ ఫ్రేము కట్టించుకుంటే సరిపోదు. విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపాలంటే 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద ఆర్ఏ (రిక్రూటింగ్ ఏజెంట్) లైసెన్సు ఉండాలి. ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్‌లో చూసుకోవచ్చు. లైసెన్సున్నవాళ్లు కూడా 30,000 రూపాయలు, పైన జీఎస్టీ, అంతకుమించి సర్వీస్ చార్జీ తీసుకోకూడదు. లక్షల్లో అడిగితే లేచి వచ్చేయండి.

మిగతావి గబగబా. "మాది ఇంగ్లిష్ మీడియం బీఎస్సీ, టెస్టు అక్కర్లేదు": విదేశీ నర్సుల అర్హతలు సరిచూసి ఇచ్చే అమెరికా వీసాస్క్రీన్ సర్టిఫికెట్‌కి ఇంగ్లిష్ టెస్టు కావాల్సిందే. "జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) వాళ్లకి దారి లేదు": ఉంది. జర్మనీకీ వెళ్తున్నారు, అమెరికాలో చాలా రాష్ట్రాలు ఎన్‌క్లెక్స్ రాయనిస్తాయి. "జర్మన్ అక్కడికెళ్లి నేర్చుకోవచ్చు": పూర్తి నర్సుగా గుర్తింపుకి మామూలుగా జర్మన్ భాషలో బీ2 స్థాయి అడుగుతారు, అదయ్యేదాకా అసిస్టెంటు జీతమే. "పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి) ముద్ర లేదు, గల్ఫ్‌కి క్లియరెన్స్ వద్దు": 2015 నుంచి ఈసీఆర్ దేశాలకు వెళ్లే నర్సులకు అది తప్పదు.

ఒక్క విషయం మాత్రం ఏ దేశమైనా అందరికీ వర్తిస్తుంది: పేర్లు. టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరం, కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌లో పూర్తి ఇంటిపేరు, పాస్‌పోర్టులో అత్తవారి ఇంటిపేరు. మనకది మామూలే. అక్కడ ఫైలు చూసేవాడికి మాత్రం ముగ్గురు మనుషులు. పాస్‌పోర్టులో పేరు మార్చాలనుకుంటే గల్ఫ్‌కి సర్టిఫికెట్లు సరిచూసే డేటాఫ్లో గానీ, అమెరికాకి అదే పని చేసే, ఇప్పుడు ట్రూమెరిట్ అంటున్న సీజీఎఫ్ఎన్ఎస్ గానీ మొదలుపెట్టకముందే మార్చుకోండి. మధ్యలో మారిస్తే కాలేజీ, యూనివర్సిటీ, కౌన్సిల్ చుట్టూ మళ్లీ మొదటినుంచి తిరగాలి.