ప్యాకెట్టు తయారుకాక ముందే

ప్రియమైన పిల్లలకు,

ఖాళీ నీళ్ల సీసా ఒకటి తీసుకోండి. దాని గోడ నుంచి ఒక ముక్క, మూత నుంచి ఒక ముక్క పెద్దవాళ్లతో కత్తిరింపజేసి, రెండింటినీ గిన్నెడు నీళ్లలో పూర్తిగా ముంచి వదలండి. సీసా ముక్క అడుగుకు పోతుంది, మూత ముక్క పైకి తేలుతుంది. సీసాను పెట్ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు. అది నీటికన్నా బరువైనది. మూతకు వాడే పాలీప్రొపిలీన్, పాలీఎథిలీన్ నీటికన్నా తేలిక. రీసైక్లింగ్ కర్మాగారంలోనూ ఇదే కిటుకు. సీసాలను ముక్కలు చేసి పెద్ద నీటితొట్టెలో పోస్తే రెండు రకాలూ వాటంతటవే విడిపోతాయి.

ఇప్పుడు ఆ సీసాకు పీవీసీ అనే మరో రకం ప్లాస్టిక్‌తో చేసిన రంగురంగుల తొడుగు వేశారనుకోండి. పీవీసీ కూడా మునుగుతుంది కాబట్టి పెట్‌తో కలిసి అడుగుకే చేరుతుంది. పెట్ కరిగేంత వేడికి పీవీసీ పాడై హైడ్రోజన్ క్లోరైడ్ అనే ఘాటైన వాయువును వదులుతుంది. పెట్ రంగు మారి, బలం పోతుంది. పిడికెడు పీవీసీ చాలు, బోలెడంత మంచి సరుకును చెడగొట్టడానికి. ఆ సీసాను మీరు ఎంత శ్రద్ధగా సరైన బుట్టలో వేసినా ఏం లాభం? దాని గతి కంపెనీలో సీసా నమూనా బొమ్మ గీసిన బల్ల మీదే తేలిపోయింది. అందుకే చెత్త మాట వచ్చిన ప్రతిసారీ మీ వైపే వేలు చూపించడం నాకు నచ్చదు. ముందు అడగాల్సింది ప్యాకింగ్ తయారుచేసే కంపెనీలను.

2017లో శాస్త్రవేత్తలు కట్టిన ఒక లెక్క ప్రకారం, 2015 వరకు ప్రపంచంలో పోగైన ప్లాస్టిక్ వ్యర్థాల్లో రీసైకిల్ అయినది సుమారు 9 శాతమే. వాడి పారేయడం కాకుండా, వాడిన వస్తువునే మళ్లీ ముడిసరుకుగానో వస్తువుగానో తిప్పుకోవడాన్ని సర్క్యులర్ ఎకానమీ అంటున్నారు. పేరు కొత్తదే కానీ, కంపెనీలు చేయాల్సిన పనులు చాలావరకు తెలిసినవే.

చిప్స్ ప్యాకెట్టు చూడండి. సగం గాలేనని విసుక్కుంటాం కానీ అది నైట్రోజన్. చిప్స్ విరగకుండా, నూనె ముక్కిపోకుండా కాపాడుతుంది. కవరు మాత్రం చిక్కే. పలుచని ప్లాస్టిక్ పొరలు, వాటి మధ్య అల్యూమినియం పూత, అన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. వాటిని విడదీయడం కష్టం, ఖర్చు కూడా ఎక్కువ. అందుకే ఒకే జాతి ప్లాస్టిక్‌తో కవర్లు చేయడానికి కొన్ని కంపెనీలు పూనుకున్నాయి. గాలిని, తేమను ఆపే శక్తి తగ్గకుండా అది సాధించడం అంత తేలికేమీ కాదు.

కొన్ని మార్పులు మాత్రం తేలికే. నల్లటి ప్లాస్టిక్ ట్రేలలో వాడే మసి రంగు మన కంటికి కనిపించని పరారుణ కాంతిని మింగేస్తుంది. ప్లాస్టిక్ రకాలను వేరుచేసే యంత్రం ఆ కాంతితోనే చూస్తుంది కాబట్టి ట్రే దాని కంటపడదు. రంగు మారిస్తే సరిపోతుంది.

అసలు చుట్టడమే తగ్గించవచ్చు కదా? చిన్న వస్తువుకు పెద్ద పెట్టె పంపే అలవాటుకు కళ్లెం వేయడానికి యూరోపియన్ యూనియన్ 2025లో ఒక చట్టం తెచ్చింది. దాని ప్రకారం 2030 నుంచి ఆన్‌లైన్ పార్సెల్ పెట్టెల్లో ఖాళీ సగానికి మించకూడదు. గాలి బుడగల కవర్లు, కాగితపు ముక్కలు కుక్కినా అదీ ఖాళీ కిందే లెక్క! ఈ షరతు రాసినవారి తెలివికి నవ్వొచ్చింది.

అన్నిటికన్నా నాకు నచ్చేది కడిగి మళ్లీ నింపడం. జర్మనీలో మినరల్ వాటర్ సంస్థలు 1969లో ఒకే ఆకారపు గాజు సీసాను ఉమ్మడిగా ఎంచుకున్నాయి. అందువల్ల ఎవరి సీసా ఎక్కడికి తిరిగొచ్చినా, దగ్గరలో ఉన్న సంస్థ కడిగి నింపుకోవచ్చు. అయితే గాజు బరువు. దూరాలు మోస్తే ఇంధనం ఖర్చవుతుంది, ఒకటి రెండుసార్లకే పగిలిపోతే ప్లాస్టిక్కే నయం. సీసా ఎన్నిసార్లు తిరిగొస్తుందో, ఎంత దూరం తిరుగుతుందో లెక్క వేసుకున్నాకే కంపెనీ ఈ పనిలోకి దిగాలి. సీసా వెనక్కి ఇస్తే కొంత డబ్బు తిరిగి ఇచ్చే పద్ధతి పెడితే, పారేయడానికి ఎవరికీ మనసొప్పదు.

ఇవన్నీ కంపెనీలు తమంతట తామే చేస్తాయా? కొన్ని చేస్తాయి. మిగిలిన వాటి కోసం, వాడాక మిగిలే ప్యాకింగ్ బాధ్యత కూడా ఉత్పత్తిదారుదే అనే చట్టాలు వచ్చాయి. జర్మనీ 1991లోనే ఆ నియమం పెట్టింది. ఫ్రాన్స్ వంటి దేశాల్లో రీసైక్లింగ్‌కు అడ్డుపడే ప్యాకింగ్‌కు కంపెనీలు కట్టాల్సిన రుసుము ఎక్కువ, అనువైనదానికి తక్కువ. ఖర్చు తమ ఖాతాలో పడుతుందంటే, బొమ్మ గీసేవారి పక్కన రీసైక్లింగ్ తెలిసినవారికి కూడా కుర్చీ వేస్తారు.

ఈసారి మీ చేతికొచ్చిన ప్యాకెట్టు మీద కంపెనీ చిరునామా వెతికి, అందులో ఎన్ని పొరలున్నాయో, ఖాళీ కవరును ఎవరు తీసుకుంటారో అడుగుతూ ఉత్తరం రాయండి. జవాబు వస్తే నాకూ పంపండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య