టేకు పెట్టెలో సింథ్ బాగా మోగుతుందా? అపోహలు - వాస్తవాలు

అనంతపురంలో ఉండి మాడ్యులర్ సింథసైజర్లకు మోసుకెళ్లే పెట్టెలు చేసిస్తుంటాను. సింథసైజర్ (సింథ్) అంటే కరెంటుతో శబ్దం పుట్టించే వాద్యం. మాడ్యులర్ అంటే దాన్ని విడివిడి ముక్కలుగా, అంటే మాడ్యూళ్లుగా, కొనుక్కుని ఒకే పెట్టెలో బిగించుకుంటారు. ఆ మాడ్యూళ్ల కొలతలకున్న ఒక పద్ధతి పేరు యూరోర్యాక్. అడిగేవాళ్లలో ఎక్కువమంది బెంగళూరు, హైదరాబాద్‌లలో ప్రోగ్రాములు చేసే కుర్రాళ్లు. వాళ్లు మొదట అడిగేది చెక్క గురించి. నేను మొదట అడిగేది మాడ్యూళ్ల లిస్టు. పెట్టె లోపలి నుంచి బయటికి కట్టుకుంటూ రావాలి. కింద రాసిన అపోహలన్నీ ఆ వరస తిరగబడటం వల్ల పుట్టినవే.

అపోహ: టేకుతో చేస్తే సౌండ్ బాగుంటుంది.

వీణకు పనస చెక్క ఎంచుకునే మనకు ఇలా అనిపించడం సహజమే. కానీ వీణలో చెక్క కూడా కంపిస్తుంది, ఆ కంపనం మన చెవికి చేరుతుంది. సింథ్‌లో శబ్దం వైర్లలో వోల్టేజీగా తిరిగి, చివరికి స్పీకర్లో పుడుతుంది. దానికి ఏ చెక్కయినా ఒకటే. మీరు చూడాల్సింది బరువు. 18 ఎంఎం ప్లైవుడ్ చదరపు మీటరుకు సుమారు 12 కిలోలు తూగుతుంది, 9 ఎంఎం అందులో సగం. రైల్స్ (మాడ్యూళ్లను స్క్రూలతో బిగించే లోహపు పట్టీలు) పట్టే పక్క పలకలకు 12 ఎంఎం వాడి, మిగతాదంతా 9తో చేస్తాను. బస్సులో ఒళ్లో పెట్టుకుని వెళ్లేవాళ్లకు ఆ తేడా తెలుస్తుంది.

అపోహ: పాత సూట్‌కేసు ఉంటే చాలు, అందులో సర్దేయొచ్చు.

సర్దొచ్చు, కానీ కొలతలకు లొంగితేనే. యూరోర్యాక్ కొలతలు 1990ల మధ్యలో జర్మనీకి చెందిన డోప్ఫర్ కంపెనీ నుంచి వచ్చాయి. ప్యానెల్ (మాడ్యూల్ ముందు పలక) ఎత్తు 128.5 ఎంఎం. వెడల్పును హెచ్‌పీల్లో లెక్కపెడతారు, ఒక హెచ్‌పీ 5.08 ఎంఎం. 84 హెచ్‌పీ వరస అంటే 426.72 ఎంఎం. పైన కింద స్క్రూ రంధ్రాల మధ్య దూరం 122.5 ఎంఎం. ఒక్క మిల్లీమీటరు తప్పినా స్క్రూ పట్టదు. అందుకే రైల్స్‌ను టేపుతో కొలిచి బిగించకండి. రెండు చివర్లా ఖాళీ ప్యానెల్ (వెనక సర్క్యూట్ లేని ఉత్త పలక) బిగించి, రైల్స్ వాటంతట అవి సర్దుకున్నాకే పక్క పలకలకు గుర్తు పెట్టండి. లోతు కూడా చూడాలి: అన్నిటికంటే లోతైన మాడ్యూల్, దాని వెనక కేబుల్ వంగేంత జాగా.

అపోహ: ఎర్ర వైరు అంటే ప్లస్.

అన్నిటికంటే ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే. ఇంట్లో ఏ బ్యాటరీ చూసినా ఎర్రది ప్లస్సే కాబట్టి చెయ్యి అలాగే పోతుంది. యూరోర్యాక్ మాడ్యూళ్లకు కరెంటు ఇచ్చే ఫ్లాట్ కేబుల్‌లో ఎర్ర గీత మైనస్ 12 వోల్టుల వైపు. పది పిన్నుల కేబుల్ తిరగేసి పెడితే ప్లస్ 12, మైనస్ 12 తారుమారవుతాయి. లోపల రక్షణగా డయోడ్ లేకపోతే చిప్పులు కాలిపోతాయి. గాడి ఉన్న సాకెట్లుంటే తిరగేసి పెట్టడం కుదరదు, కానీ అన్ని మాడ్యూళ్లకూ అవి ఉండవు. ‘ఎర్ర గీత ఎప్పుడూ కిందికే’ అన్న సలహానూ నమ్మకండి. బోర్డు మీద మైనస్ 12 అని ఎక్కడ రాసి ఉందో చూసి, ఆ వైపు పెట్టండి.

అపోహ: ఎక్కువ యాంప్స్ అడాప్టర్ పెడితే మాడ్యూళ్లు కాలిపోతాయి.

కాలవు. మాడ్యూల్ తనకు కావలసినంత కరెంటే లాక్కుంటుంది. వోల్టేజీ, ప్లస్ మైనస్‌లు సరిగ్గా ఉంటే చాలు. అసలు ఇబ్బంది యాంప్స్ తక్కువైనప్పుడే. ప్లస్ 12 వైపు ఎన్ని మిల్లీయాంప్స్, మైనస్ 12 వైపు ఎన్ని అన్నది విడివిడిగా కూడండి. ప్లస్ వైపు 900 వస్తే, ఆ వైపు కనీసం 1200 ఇచ్చే సప్లై తీసుకోండి. స్విచ్ వేసిన క్షణంలో మాడ్యూళ్లు మామూలుకంటే ఎక్కువ లాగుతాయి, అప్పుడు సప్లై కుంగితే కొన్ని మాడ్యూళ్లు లేవనే లేవవు. అడాప్టర్ మీద రాసిన అంకె చూసి లెక్క వేయొద్దు. పెట్టెలోని పవర్ బోర్డు ఎంత ఇవ్వగలదో అదే లెక్క.

230 వోల్టుల కరెంటు నేరుగా చెక్కపెట్టెలోకి తెమ్మని కొందరు అడుగుతారు. నేను చేయను. అడాప్టర్ బయటే ఉండాలి, లోపలికి డీసీ మాత్రమే రావాలి.

అపోహ: ఫ్యాన్ పెట్టకపోతే మన ఎండలకు సింథ్ పాడవుతుంది.

ఫ్యాన్ మన దుమ్మునంతా లోపలికి లాగుతుంది. వెనక పలకకు పైన కింద సన్నటి గాడులు కోస్తే వేడి గాలి దానంతట అదే పైనుంచి పోతుంది. ఖాళీ జాగాలను మాత్రం ఖాళీ ప్యానెళ్లతో మూసెయ్యాలి. నిజంగా జాగ్రత్త పడాల్సింది ఎండలో ఆపిన కారు విషయంలో. మే నెలలో కర్నూలులో మధ్యాహ్నం డిక్కీలో పెట్టె వదిలి భోజనానికి వెళ్లకండి. మాడ్యూళ్ల లోపల ఉండే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు అనే భాగాల ఆయుష్షు, వేడి 10 డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ సుమారు సగానికి పడిపోతుంది.

మూత లోతుకు మాత్రం అందరికీ సరిపోయే ఒకే కొలత లేదు. ముందు వైపు మాడ్యూళ్లను ఒకదానికొకటి కలిపే కేబుళ్లు పెట్టి ఉండగానే మూత పడాలంటే, మీ దగ్గరున్న వాటిలో అన్నిటికంటే పొడవైన ప్లగ్గును జాక్‌లో గుచ్చి, ప్యానెల్ నుంచి కేబుల్ వంపు దాకా కొలిచి చెప్పండి. ఆ కొలత వచ్చాకే ప్లైవుడ్ కోస్తాను.