గుండె ఆగాక ఊపిరి లెక్క దేనికి? కొన్ని అపోహలు, వాస్తవాలు

నాది గూడూరు దగ్గర పల్లె. పని చెన్నైలో, ఎమర్జెన్సీ డాక్టర్‌ని. నెల్లూరు, సూళ్లూరుపేట వైపు నుంచి వచ్చే కేసులు మాకు ఎక్కువ. తెలుగు వచ్చినవాణ్ణి కాబట్టి పేషెంట్ తాలూకు వాళ్లతో మాట్లాడే పని నా మీదే పడుతుంది. సీపీఆర్ (గుండె ఆగినవాళ్ల ఛాతీ నొక్కుతూ ఊపిరి అందించడం) జరుగుతుంటే కర్టెన్ సందులోంచి మానిటర్ చూసినవాళ్లు అందులో ఒక అంకె గురించి అడుగుతుంటారు. దాని పేరు ఈటీసీఓటూ. వదిలే ఊపిరి చివర్లో కార్బన్ డయాక్సైడ్ ఎంత ఉందో చెప్పే అంకె అది. దాన్ని గీతగా గీసి చూపించేది క్యాప్నోగ్రాఫ్. దీని మీద బయటివాళ్లకు అపోహలుంటే అర్థం చేసుకోవచ్చు. ఆసుపత్రుల్లో పనిచేసే మా వాళ్లకున్నవే భయం పుట్టిస్తాయి.

అపోహ: గుండె ఆగింది, ఊపిరీ ఆగింది. ఇక కొలవడానికి ఏముంటుంది?

కార్బన్ డయాక్సైడ్ ఊపిరితిత్తుల్లో పుట్టదు. కండరాలు, మెదడు, కాలేయం, ఒంట్లో ప్రతి కణమూ దాన్ని తయారుచేస్తుంది. అది ఊపిరితిత్తుల దాకా రావాలంటే రక్తం మోసుకు రావాలి. గుండె ఆగినప్పుడు ఆ రక్తాన్ని నడిపేవి ఛాతీ మీద నొక్కే చేతులే. కాబట్టి అంబు బ్యాగ్‌తో (చేత్తో పిసికి ఊపిరితిత్తుల్లోకి గాలి పంపే సంచి) గాలి ఒకే తీరుగా ఇస్తున్నంతసేపూ ఆ అంకె చెప్పేది రక్తం ఎంత కదులుతోందో. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో అది 35 నుంచి 45 ఉంటుంది (బీపీకి వాడే మిల్లీమీటర్ల కొలతే). సీపీఆర్ బాగా జరుగుతుంటే చాలావరకు 10కీ 20కీ మధ్య ఆడుతుంది. ఎంత బాగా నొక్కినా చేతులు గుండెకు సాటి రావు కదా.

మా ఊళ్లో బోరింగు కొట్టినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. కొడుతున్నంతసేపే నీళ్లు. ఆపి మళ్లీ మొదలుపెడితే మొదటి నాలుగు దెబ్బలూ ఉత్తవే. ఛాతీ నొక్కడమూ అంతే. పల్స్ చూద్దామని, శ్వాసనాళంలోకి ట్యూబ్ వేద్దామని ఆపిన ప్రతిసారీ ఒత్తిడి మళ్లీ మొదటినుంచి కూడాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్లు తగ్గకుండా, 6 దాటకుండా నొక్కమంటాం. రెండు నిమిషాలకు మనిషిని మారుస్తాం. ఆ రెండు నిమిషాలు కూడా నిండకుండానే చేతులు నీరసపడటం అంకెలో కనిపించిపోతుంది. కలెండా అనే డాక్టర్ 1978లోనే దీన్ని రాశారు. నొక్కేవాళ్లు అలసిపోతే అంకె తగ్గింది, కొత్త మనిషి రాగానే పెరిగింది. మా కుర్రాళ్లు తమిళంలో 'ఒణ్ణు, రెండు, మూణు' అని లెక్కపెడుతూ నొక్కుతుంటారు. 'నేను బాగానే నొక్కుతున్నా సార్' అన్నవాడికి నేను బదులు చెప్పను, మానిటర్ చూపిస్తాను.

అపోహ: గుండె ఆగిన మనిషికి గీత రాకపోవడం మామూలే.

ఇదే ప్రాణాలు తీసేది. నేను జూనియర్‌గా ఉన్న రోజుల్లో, వేరే ఊళ్లో, వేరే ఆసుపత్రిలో ఒక రాత్రి దీన్ని కళ్లారా చూశాను. పెద్దాయనకు ట్యూబ్ వేశారు. క్యాప్నోగ్రాఫ్‌లో గీత నేలబారుగా ఉంది. 'రక్తమే తిరగట్లేదు, గీతెలా వస్తుంది, కానివ్వండి' అన్నారు సీనియర్. నేను నోరెత్తలేదు. కొన్ని నిమిషాల తర్వాత మరొకరు లారింగోస్కోప్‌తో (గొంతు లోపల చూసే పరికరం) చూస్తే ట్యూబ్ అన్నవాహికలో ఉంది. అప్పటిదాకా మేం గాలి నింపింది పొట్టలోకి.

సీపీఆర్ జరుగుతుంటే గీత చిన్నదవుతుంది, పొట్టిదవుతుంది. పూర్తిగా మాయం కావడం మాత్రం మామూలు కాదు. బ్రిటన్‌లో 2011లో వచ్చిన నాలుగో జాతీయ ఆడిట్ (శ్వాసమార్గం దగ్గర జరిగే ప్రమాదాల మీద) నివేదిక గట్టిగా చెప్పిన పాఠాల్లో ఇదొకటి. తర్వాత అక్కడి మత్తు డాక్టర్ల కాలేజీ, గీత లేదంటే ట్యూబ్ తప్పు చోట ఉన్నట్టే అని ప్రచారం కూడా చేసింది. ట్యూబ్ మూసుకుపోయినా, గాలిగొట్టాలు బాగా బిగుసుకుపోయినా గీత పోవచ్చు. కానీ ముందు అనుమానించాల్సింది అన్నవాహికనే.

దీనికి తిరకాసు ఇంకోటుంది. పొట్టలో సోడా, కూల్‌డ్రింక్ గ్యాస్ ఉంటే ట్యూబ్ తప్పు చోట ఉన్నా మొదటి కొన్ని శ్వాసలకు గీత వచ్చి ఆశపెడుతుంది, తర్వాత అణగిపోతుంది. అందుకే 2022లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు కనీసం 7 శ్వాసలపాటు గీత తగ్గకుండా నిలవాలని, ఎత్తు అదే బీపీ కొలతలో 7.5 మిల్లీమీటర్లన్నా ఉండాలని చెప్పాయి. ఒక్క గీత చూసి చప్పట్లు కొట్టకూడదు.

అపోహ: వేలికి పల్స్ ఆక్సీమీటర్ ఉంది, అది చాలు.

చాలదు. దానికి వేలిలో కొట్టుకునే నాడి కావాలి. అదే లేని మనిషి గురించి మాట్లాడుతున్నాం.

అపోహ: అంబు ఎంత ఎక్కువ కొడితే అంత ఆక్సిజన్.

టెన్షన్‌లో అందరి చేయీ పరిగెత్తుతుంది, నాది కూడా. ట్యూబ్ వేశాక నిమిషానికి 10 శ్వాసలు చాలు, అంటే ఆరు సెకన్లకొకటి. అతిగా కొడితే ఛాతీలో ఒత్తిడి పెరిగి గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది. పైగా కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా కడిగేసినట్టయి అంకె పడిపోతుంది. అప్పుడు నొక్కేవాణ్ణి తిడతాం. తప్పు మాత్రం బ్యాగ్ పట్టుకున్నవాడిది.

అపోహ: పెరిగితే బతికినట్టు, 10 లోపుంటే ఆపేయొచ్చు.

రెండూ సగం నిజాలే. అంకె ఒక్కసారిగా 35, 40కి ఎగబాకి అక్కడే నిలిస్తే గుండె తిరిగి కొట్టుకుంటోందని అనుమానించాలి. అయినా ఆ ఒక్క గుర్తు చూసి నొక్కడం ఆపకూడదు, తర్వాత గుండె లయ చూసేందుకు ఆగినప్పుడు (రిథమ్ చెక్) పల్స్ చూడాలి. సోడియం బైకార్బొనేట్ ఇచ్చినా కాసేపు పెరుగుతుంది, ఎందుకంటే ఆ మందే కార్బన్ డయాక్సైడ్‌ని పుట్టిస్తుంది. ఎడ్రినలిన్ ఇచ్చాక కొంచెం తగ్గవచ్చు. ఊపిరితిత్తుల రక్తనాళంలో పెద్ద గడ్డ అడ్డుపడితే ఎంత బాగా నొక్కినా పెరగదు. నీళ్లలో మునిగినవాళ్లలో, ఊపిరాడక గుండె ఆగినవాళ్లలో మొదటి అంకె చాలా ఎక్కువుంటుంది, అప్పటిదాకా ఒంట్లో పేరుకుపోయింది కాబట్టి. అది చూసి మురిసిపోతే మోసపోతాం.

10 అనే గీటురాయి 1997 నాటి ఒక అమెరికా అధ్యయనంతో బలపడింది. ఆసుపత్రి బయట గుండె ఆగిన 150 మందిని చూశారు. ఈసీజీ గీతలు వస్తున్నా పల్స్ లేనివాళ్లు వాళ్లంతా. 20 నిమిషాల సీపీఆర్ తర్వాత కూడా 10, అంతకన్నా తక్కువ ఉన్నవాళ్లలో ఒక్కరూ బతకలేదు. ఇందులో '20 నిమిషాల తర్వాత' అన్న ముక్క వదిలేసి, ఐదో నిమిషంలోనే 8 కనిపించిందని చేతులెత్తేసేవాళ్లుంటారు. ఐదో నిమిషంలో 8 ఉంటే ఇంకా బాగా నొక్కమని అర్థం. 2015 అమెరికా హార్ట్ అసోసియేషన్ మార్గదర్శకాలు కూడా దీన్నొక్కదాన్నే చూసి ఆపొద్దన్నాయి. ట్యూబ్ వేయనివాళ్లకైతే ఈ లెక్కే వర్తించదన్నాయి. మాస్క్ పక్కనుంచి గాలి కారితే అంకె తక్కువే చూపిస్తుంది మరి.

అపోహ: ప్రాణం పోయినా మిషన్ పెట్టి బతికున్నట్టు చూపిస్తారు.

ఇది నా ముఖం మీదే అడిగినవాళ్లున్నారు. కోపం రాదు, బిల్లు చూసినవాడికి అనుమానం రావడం సహజం. వెంటిలేటర్ గాలిని లోపలికి తోయగలదు, ఛాతీని ఎత్తించగలదు. కార్బన్ డయాక్సైడ్‌ని మాత్రం తేలేదు. రక్తం పూర్తిగా ఆగితే ఊపిరితిత్తుల్లో మిగిలింది కొన్ని శ్వాసల్లో బయటికి పోయి గీత నేలకు దిగిపోతుంది.

ఆమధ్య నాయుడుపేట నుంచి వచ్చిన ఒకాయనకు మా దగ్గరే గుండె ఆగింది. 'లోపల మిషనే ఆడిస్తోందా సార్?' అని వాళ్ల తమ్ముడు అడిగాడు. అతన్ని కర్టెన్ పక్కన నిలబెట్టి, ఆ అంకె నొక్కే చేతులదని రెండు ముక్కల్లో చెప్పి నా పనిలో పడ్డాను. అంకె 16 ఉంది. కాసేపటికి వెనకనుంచి అతని గొంతు వినిపించింది.

'సార్, పన్నెండుకొచ్చింది. ఆ పిల్లోడు అలిసిపోయినట్టున్నాడు.'

మనిషిని మార్చాం.