హాష్ బ్రౌన్స్: తప్పు పెనానిది కాదు

అమెరికాలో డల్లాస్ దగ్గర ఒక డైనర్‌లో, అంటే చిన్న టిఫిన్ హోటల్లో, ఆరేళ్ళుగా పొద్దుటి షిఫ్ట్‌లో గ్రిల్ నాదే. అది తెలిసిన మనవాళ్ళు హాష్ బ్రౌన్స్, అంటే ఆలుగడ్డ తురుమును పెనం మీద ఎర్రగా వేయించే అమెరికన్ టిఫిన్, ఇంట్లో చేసి వారానికి ఇద్దరైనా నాకు ఒకే రకం ఫొటో పంపుతారు: పెనం మీద బూడిద రంగు ముద్ద, కింద మాడు, పైన పచ్చి. దాంతోపాటే ప్రశ్న, "అన్నా, ఇంకొంచెం కార్న్‌ఫ్లోర్ వెయ్యాలా?"

వద్దు. దయచేసి వద్దు.

అపోహ: కరకరలాడాలంటే కార్న్‌ఫ్లోరో, మైదానో, గుడ్డో పడాలి.

వాస్తవం: పడాల్సింది ఏమీ లేదు, పోవాల్సింది ఉంది. ఆలుగడ్డలో దాదాపు 80 శాతం నీళ్ళే. ఆ తడి ఉన్నంతసేపు తురుము వేడి 100 సెల్సియస్ డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, అంటే మీరు వేయించట్లేదు, ఉడకబెడుతున్నారు. ఆ ఎరుపు, ఆ వాసన బాగా రావాలంటే 140 దాకా వెళ్ళాలి. రంగు రావట్లేదని మంట పెంచుతారు, అడుగు మాడుతుంది, అంటుకుందని నూనె పోస్తారు, ఆ నూనెంతా ముద్ద తాగేస్తుంది, చివరికి పెనం మంచిది కాదని కొత్త నాన్‌స్టిక్ కొంటారు. నాకు తెలిసిన ఒక తమ్ముడు ఇలా మూడు కొన్నాడు. పాపం, మూడిట్లోనూ అంటుకుంది.

గడ్డను పెద్ద కన్నాల వైపు తురమండి. చల్లటి నీళ్ళలో రెండుసార్లు కడిగి, పలచటి నూలు గుడ్డలో మూటగట్టి, చేతులు నొప్పెట్టేదాకా పిండండి. ఇక చాల్లే అనిపించాక ఇంకోసారి పిండండి. మొదటిసారి కడిగిన నీళ్ళు పారబోయకుండా పది నిమిషాలు కదపకుండా ఉంచి పైతేట వంచేస్తే అడుగున తెల్లటి పిండి కనిపిస్తుంది. తురుము విడిపోతుందని భయమైతే అదే ఒక చెంచా కలపండి, కొట్లో కొన్న కార్న్‌ఫ్లోర్ చేసే పనే అదీ చేస్తుంది. ఉప్పు మాత్రం పెనం మీద పడ్డాకే. ముందే వేసి ఫోన్ మాట్లాడుకుంటూ నిలబడితే నీళ్ళు మళ్ళీ ఊరతాయి.

తర్వాత దాన్ని ముట్టుకోవద్దు. కొత్తలో నేను అరనిమిషానికోసారి అట్లకాడతో కెలికేవాణ్ణి. రెండోరోజే పక్కనున్న ముసలి కుక్ నా చేతిలోంచి అట్లకాడ లాగేసుకుని, అంచు ఎర్రబడేదాకా ఇవ్వలేదు. ఇంట్లో దోసె అంచు లేవకముందే గీకితే అమ్మ చేతిమీద కొట్టేది, అక్కడ నేర్చుకున్నది ఇక్కడికొచ్చి ఎలా మర్చిపోయానో! మధ్యస్థంగా ఉన్న మంట మీద ఒక పక్క ఏడెనిమిది నిమిషాలు, ఒక్కసారే తిప్పడం.

మిగతావి గబగబా చెప్పేస్తా. హాష్ అంటే గంజాయి కాదు బాబూ, ముక్కలుగా కొట్టడం అనే అర్థమున్న ఫ్రెంచి మాట నుంచి వచ్చింది. బిళ్ళలా ఉంటేనే హాష్ బ్రౌన్ అనుకోవడం ఫాస్ట్‌ఫుడ్ అలవాటు. 1887లో మరియా పార్లోవా అనే అమెరికన్ వంటల రచయిత్రి 'హాష్డ్ అండ్ బ్రౌన్డ్ పొటాటోస్' అని రాసేనాటికి ఆ బిళ్ళలు లేవు. 1955లో అమెరికాలోని జార్జియాలో మొదలైన వాఫుల్ హౌస్ అనే డైనర్ల చైన్‌లో ఇప్పటికీ 'స్కాటర్డ్' అంటే తురుమును గ్రిల్ మీద విడివిడిగా పరిచేస్తారు, 'స్మదర్డ్' అంటే ఉల్లిపాయలు, 'కవర్డ్' అంటే చీజ్. డైనర్లలో రోజూ తాజాగా తురుముతారని కూడా అనుకోకండి, చాలాచోట్ల ఎండు తురుము డబ్బాలొస్తాయి, వేడినీళ్ళు పోసి నానబెట్టడమే. గడ్డలు ఫ్రిజ్‌లో పెట్టొద్దు. చల్లదనానికి పిండి కొంత చక్కెరగా మారి, పెనం మీద ఉడికేలోపే నల్లబడుతుంది.

ఒక్క విషయంలో మాత్రం మీ టెన్షన్ న్యాయమే. "ఆలుగడ్డేగా, వెజ్జే" అనేది అన్నిచోట్లా నిజం కాదు. అమెరికాలో కొన్ని పెద్ద చైన్లు బీఫ్ ఫ్లేవర్ కలుపుతాయి, చాలా డైనర్లలో బేకన్, అంటే పంది మాంసం, కాల్చే గ్రిల్ మీదే ఇదీ వేస్తారు. అడగడానికి మొహమాటపడకండి. మొన్న కొడుకు దగ్గరికొచ్చిన ఒక పెద్దావిడ ప్లేటు ముందు పెట్టుకుని తినలేక, వదల్లేక కూర్చున్నారు. నేను లోపలికెళ్ళి చిన్న పెనం శుభ్రంగా కడిగి, నూనెతో మళ్ళీ వేసి, పైన హలపీన్యో ముక్కలు చల్లి తెచ్చిచ్చా. ఒక ముద్ద తిని, "బానే ఉంది నాయనా, కానీ ఇదేం మిరపకాయ, కారమే లేదు" అన్నారు.