ధింసా నేర్చుకునే ముందు

ఎం.వి.పి. కాలనీ,
విశాఖపట్నం.

మన వీధి పిల్లలందరికీ టీచరు మామ్మ ఆశీస్సులు.

ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవానికి మన్యం ఊళ్ల బృంద నృత్యం ధింసా ఆడతామని మీరు చెప్పినప్పుడు నాకు ఎంతో సంతోషం కలిగింది. కానీ నిన్న మెట్ల కింద మీరు దాచిన సామాను చూశాను. అట్టముక్కలతో చేసిన ఈకల కిరీటాలు, నడుముకు కట్టుకోవడానికి ఆకుల దండలు, ముఖానికి పూసుకునే నల్లరంగు. రాత్రంతా అదే ఆలోచన. నోటితో చెబితే చిన్నబుచ్చుకుంటారేమోనని ఉత్తరం రాస్తున్నాను.

మన్యంలో ఎవరూ అలా ఉండరు, నాన్నా. అక్కడి తెగల్లో ఒకటైన గదబల స్త్రీల సంగతే వినండి. కేరంగ్ అనే మొక్క నుంచి నార తీసి, వడికి, రంగులద్ది, ఇంట్లోనే మగ్గం మీద చారల చీర నేసుకునేవారు. మొక్కను గుర్తుపట్టడం దగ్గర నుంచి చీర కట్టుకునేదాకా ప్రతి పనీ వాళ్ల చేతుల మీదే జరిగేది. మనం దుకాణానికి వెళ్లి కొనుక్కునే మనుషులం. అంత పనితనం తెలిసినవాళ్లకు మనం ఆకులు చుట్టి చూపించడం ఎంత అన్యాయం! ఇప్పుడు ఆ నేత బాగా తగ్గిపోయింది. అరకు సంతకు వెళితే మనలాగే మామూలు చీరల్లో, చొక్కాల్లో కనిపిస్తారు. మీరూ మామూలు చీరలే కట్టుకోండి. ఆ రంగు డబ్బా మాత్రం దయచేసి పారేయండి.

'ఆదివాసీ' అంటే ఒకే జనం కాదు. మన కొండల్లో బగతలు, కొండదొరలు, కోదులు, పోర్జలు, గదబలు, వాల్మీకులు, కోటియలు, ఇంకా ఎందరో ఉన్నారు. గదబలలోనే కొందరిది మన తెలుగుకు చుట్టమైన భాష, మరికొందరిది సంతాలీకి చుట్టమైన ముండా భాష. పేరు ఒకటే, భాషా కుటుంబాలు రెండు. 'ఏజెన్సీ వాళ్లు' అని ఒక్క మాటలో అనేస్తే ఇదంతా కనబడకుండా పోతుంది.

భాష అనగానే నేను చేసిన తప్పు ఒకటి మీకు చెప్పాలి. నలభై అయిదేళ్ల కిందట కొండమీద ఒక చిన్న బడిలో పాఠాలు చెప్పేదాన్ని. ఒక కొండదొర పాప గ్లాసు పట్టుకుని వచ్చి "ఏరు కావాలి" అంది. "గ్లాసులో ఏరు ఎలా పడుతుందే?" అన్నాను. తరగతి అంతా నవ్వింది. ఆ పిల్ల నీళ్లు తాగకుండానే వెళ్లి కూర్చుంది. ఆ తర్వాత చాలాకాలానికి తెలిసింది, వాళ్ల కొండ భాషలో 'ఏరు' అంటే నీళ్లే. మనం ఆ మాటను పారే నీటికి ఉంచుకున్నాం, వాళ్లు తాగే నీటికీ వాడుకుంటున్నారు. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఆ భాషను పరిశీలించి రాసిన పుస్తకం 1969లోనే అచ్చయింది. నేను చదవలేదు, అడగనూ లేదు. ఆ పిల్ల ముఖం ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంటుంది.

ఇక చరిత్ర. బీచ్ రోడ్డులో అల్లూరి సీతారామరాజు విగ్రహం దగ్గర మీరు ఫొటోలు దిగారు కదా. ఆయన వెంట నడిచినవాళ్ల పేర్లు ఎంతమందికి తెలుసు? 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక, తాతల నాటి నుంచి పోడు కొట్టుకుని, అంటే కొండమీద చెట్లు నరికి కాల్చిన నేలలో, చోళ్లు, సామలు పండించుకున్నవాళ్లు తమ అడవిలోనే నేరస్తులయ్యారు. దానికి తోడు రోడ్డు పనులకు వెట్టి. ఆ కడుపుమంటే 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్ మీద దాడిగా మారింది. గాం గంటందొర, గాం మల్లుదొర అన్నదమ్ములు ఆ పోరాటంలో ముందు నిలిచారు. గంటందొర 1924లో ప్రాణాలు కోల్పోయాడు. మల్లుదొర శిక్ష అనుభవించి వచ్చి, 1952లో మన విశాఖపట్నం నుంచే లోక్‌సభకు వెళ్లాడు. మన ఊరి మొదటి ఎంపీలలో ఒకరు మన్యం వీరుడని మీ పాఠ్యపుస్తకం చెప్పకపోతే నేను చెబుతున్నాను, గుర్తుపెట్టుకోండి.

బొర్రా గుహలకు విహారయాత్ర వెళ్లినప్పుడు మీరు గుహలు చూసి వచ్చారు. చుట్టూ ఉన్న ఊళ్లవాళ్ల నేలను ప్రభుత్వం గనుల కంపెనీలకు లీజుకివ్వడం చట్టవిరుద్ధమని, వాళ్ల తరఫున సమత అనే స్వచ్ఛంద సంస్థ కోర్టుకెక్కింది. 1997లో సుప్రీంకోర్టు వాళ్ల పక్షాన తీర్పు చెప్పింది. సమత తీర్పు అంటారు దాన్ని. పెద్ద తరగతుల పిల్లలు దాని గురించి తప్పకుండా చదవాలి.

ధింసా గురించి ఇప్పుడు. అది వేదిక మీద చూపించడానికి పుట్టిన ఆట కాదు. పండగకో, పెళ్లికో ఊరంతా కలిసి ఆడేది. పక్కవాళ్ల వీపు వెనక నుంచి చేతులు కలుపుకుని గొలుసులా కదులుతారు. బోడ ధింసా గ్రామదేవతకు మొక్కుగా ఆడేది, పొటర్ తోలాలో ఆకులు కోసే కదలికలుంటాయి. ఒకరు అడుగు తప్పితే గొలుసంతా తడబడుతుంది కాబట్టి ముందు పక్కవాళ్ల అడుగు వినడం నేర్చుకోవాలి. ఇందులో 'హీరో' పాత్ర ఎవరికీ లేదు. ఆ పాత్ర కోసం మీలో ఇద్దరు మొన్న మాట్లాడుకోవడం మానేశారని విన్నాను.

నా దగ్గర చదువుకున్న ఒకమ్మాయి, కొండదొరల బిడ్డ, ఇప్పుడు పాడేరు దగ్గర టీచరు. ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు మా డాబా మీదికి వస్తానంది. అడుగులు తనే నేర్పుతుంది. మీరు ఒక్కొక్కరూ నోటుపుస్తకం తెచ్చుకుని, వాళ్ల భాషలో పది మాటలు అడిగి రాసుకోండి. అడ్డాకు విస్తళ్లలో చోడిపిండి రొట్టెలు పెడతాను. తను రాగానే మంచినీళ్లు ఎవరు ఇస్తారో ఇప్పుడే అనుకోండి. ఇచ్చేటప్పుడు "ఏరు తీసుకోండి" అనండి.

మీ
టీచరు మామ్మ