రైతు భరోసా: కౌలుదారు పేరు ఎక్కడ పోయింది?

నాట్ల వేళ వచ్చేసరికి తెలంగాణలో ఎకరాల లెక్కన ఇచ్చే పెట్టుబడి సాయం, అదే రైతు భరోసా, మీద రచ్చ మళ్లీ మొదలవుతుంది. ఎన్ని ఎకరాల వరకు డబ్బులు పడ్డాయి, ఎవరి హయాంలో ఎగ్గొట్టారు అని పార్టీలు లెక్కలు తీస్తాయి. కౌలు రైతు మాట మాత్రం చివర్లో ఎక్కడో వస్తుంది. 2018 మే 10న హుజూరాబాద్‌లో ఈ సాయం రైతుబంధు పేరుతో మొదలవడం, ఎకరాకు సీజన్‌కు రూ.4 వేలు కాస్తా మరుసటి ఏడాది రూ.5 వేలవడం అందరికీ తెలిసినవే. అసలు ముడి అంతకు ఎనిమిది నెలల ముందే పడింది.

2017 సెప్టెంబరు 15న తెలంగాణలో భూ రికార్డుల ప్రక్షాళన మొదలైంది. రెవెన్యూ సిబ్బంది ఆ ఏడాది చివరిదాకా ఊరూరా తిరిగి పేచీ లేని భూముల్ని పార్ట్-ఏలో, ఉన్నవాటిని పార్ట్-బీలో వేశారు. అప్పటిదాకా ఊరి భూముల రికార్డైన పహాణీలో పట్టాదారు పేరుతో పాటు అనుభవదారు పేరుకు వేరే కాలమ్ ఉండేది. పొలంలో నిజంగా ఉన్నదెవరో అందులో రాయాలి. అన్నిచోట్లా సరిగ్గా రాశారని కాదు, హోటల్లో చాయ్ తాగుతూ నింపిన పహాణీలూ ఉన్నాయి. అయినా అడగడానికి ఒక గడి ఉండేది. ప్రక్షాళనతో అదీ పోయింది. 2020 అక్టోబరు 29న వచ్చిన భూ రికార్డుల పోర్టల్ ధరణిలోనూ దానికి చోటు దొరకలేదు.

కౌలుదారులు ఏటా మారతారని, వాళ్ల పేర్లు రికార్డుకెక్కితే యజమానికి చిక్కులని అప్పటి ప్రభుత్వం అంది. ఆ భయం ఉత్తదేమీ కాదు. కానీ దానికి మందు 2011 నాటి భూ అధీకృత సాగుదారుల చట్టంలోనే ఉంది. దాని కింద కౌలుదారుకు ఇచ్చే కార్డు పంట రుణం లాంటి సాయాల కోసమే, భూమి మీద ఏ హక్కూ రాదు. ఆ కార్డులివ్వడాన్నే దాదాపు ఆపేశారు.

దాంతో రైతుబంధు చెక్కులు పంచిన రోజు చాలా ఊళ్లలో జనం చూసింది ఒకటే: హైదరాబాద్‌లో ఉండే పట్టాదారు కారేసుకుని వచ్చి చెక్కు తీసుకెళ్లాడు, ఆయన పొలం దున్నేవాడు లైన్లో కూడా లేడు. రూ.5 లక్షల రైతు బీమాకూ పాసుపుస్తకమే దిక్కు. కౌలుకు చేస్తూ చనిపోయినవాడు, సొంత భూమి లేకపోతే, ఆ లెక్కలో రైతు కాడు. రైతుల కోసం పనిచేసే రైతు స్వరాజ్య వేదిక 2022లో 20 జిల్లాల్లో చేసిన సర్వేలో రైతుల్లో నూటికి 36 మంది దాకా కౌలుదారులే తేలారు.

ఏపీ 2019లో సాగుదారు హక్కు పత్రాలు తెచ్చింది గానీ, దానికి యజమాని సంతకం కావాలి. సంతకం పెట్టే యజమానులు ఎందరో అక్కడి కౌలుదార్లను అడగాలి.

2023 ఎన్నికల్లో కాంగ్రెస్ కౌలుదార్లకూ ఎకరాకు ఏటా రూ.15 వేలంది. 2025 జనవరి 26న రైతు భరోసా పేరుతో అమల్లోకి వచ్చేసరికి అది రూ.12 వేలైంది. డబ్బు మళ్లీ పట్టాదారుకే. భూమి లేని కూలీలకు ఆత్మీయ భరోసా అని వేరే సాయం అన్నారు, దానికి 2023-24లో కనీసం 20 రోజులు ఉపాధి హామీ పని చేసి ఉండాలి. పది గుంటల సొంత చెలక ఉండి, నాలుగెకరాలు కౌలుకు చేసేవాడికి సీజన్‌కు రూ.1,500 పడుతుంది. గుంటలు ఉన్నాయి కాబట్టి ఆత్మీయ భరోసా రాదు. ఆ నాలుగెకరాల రూ.24 వేలు పాసుపుస్తకం ఎవరి పేరున ఉంటే వాళ్ల ఖాతాలో పడతాయి.