దుబాయి విమానం: ఎదురుగాలి, వాలుగాలి

కోనసీమ నుంచి దుబాయి వెళ్లేవారి రానుపోను టికెట్లను పక్కపక్కన పెట్టి చూస్తే పోయే ప్రయాణం చిన్నదిగా, తిరుగు ప్రయాణం పెద్దదిగా కనిపిస్తుంది. హైదరాబాదులో ఉదయం 10 గంటలకు బయలుదేరి అక్కడ 12.30కు దిగారనుకుందాం, వచ్చేటప్పుడు అక్కడ రాత్రి 10 గంటలకు ఎక్కి ఇక్కడ తెల్లవారుజామున 3 గంటలకు దిగుతారు. ఈ లెక్కన పోవడానికి రెండున్నర గంటలు, రావడానికి ఐదు గంటలు పట్టినట్టు. అయితే దుబాయి గడియారం మన గడియారం కంటే గంటన్నర వెనకబడి ఉంటుంది కనుక, ఆ తేడాను సర్దితే పోవడానికి పట్టింది నాలుగు గంటలు, రావడానికి పట్టింది మూడున్నర గంటలే.

హైదరాబాదు నుంచి దుబాయికి నేరుగా సుమారు 2,550 కిలోమీటర్లు. రాజమహేంద్రవరం దగ్గరి మధురపూడి విమానాశ్రయం నుంచి హైదరాబాదుకు మరో 360 కిలోమీటర్లు. మధురపూడి నుంచి దుబాయికి గీసిన తిన్నని గీత దాదాపు హైదరాబాదు మీదుగానే పోతుంది కాబట్టి, అక్కడ విమానం మారినందువల్ల దూరం ముప్పై కిలోమీటర్లు కూడా పెరగదు. పోయేదల్లా నిరీక్షణలో గడిచే సమయమే.

దూరం ఒకటే అయినప్పుడు ఆ అరగంట తేడా ఎక్కడిది? భూమి పడమటి నుంచి తూర్పుకు తిరుగుతోంది కాబట్టి పడమటికి పోయే విమానానికి గమ్యమే ఎదురొస్తుందని కొందరు వాదిస్తారు. అదే నిజమైతే పోయే ప్రయాణమే చిన్నది కావాలి; పైగా భూమితోపాటు గాలీ తిరుగుతోందని, విమానం ఆ గాలిలోనే ఎగురుతుందని గుర్తుంచుకుంటే ఆ వాదన నిలవదు. అసలు కారణం, చలికాలంలో ఉత్తర భారతం మీదుగా పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున తూర్పుకు ఉరికే బలమైన పడమటి గాలి. గోదావరిలో ఎదురెక్కే నావకూ వాలుకు పోయే నావకూ ఉన్న తేడాయే ఇక్కడా ఉంది. గాలిలో గంటకు 850 కిలోమీటర్ల వేగం గల విమానానికి 100 కిలోమీటర్ల ఎదురుగాలి తగిలితే నేల మీది లెక్కలో వేగం 750కి పడిపోయి, 2,550 కిలోమీటర్లకు 3 గంటల 24 నిమిషాలు పడుతుంది; అదే గాలి వెనక నుంచి వీస్తే 2 గంటల 41 నిమిషాలు చాలు. ఎక్కడానికీ దిగడానికీ పట్టే సమయం దీనికి అదనం. వింత ఏమిటంటే, పోయేటప్పుడు నష్టపోయిన సమయమంతా వచ్చేటప్పుడు తిరిగి రాదు. గాలే లేకపోతే రానుపోను సరిగ్గా 6 గంటలయ్యేది, ఇప్పుడు 6 గంటల 5 నిమిషాలైంది. ఎదురుగాలిలో గడిపే సమయమే ఎక్కువ కావడం ఇందుకు కారణం.

వానాకాలంలో ఈ పడమటి గాలి హిమాలయాలకు ఉత్తరంగా తప్పుకుంటుంది. అప్పుడు దక్షిణ భారతం మీద 14–16 కిలోమీటర్ల ఎత్తున తూర్పు నుంచి మరో గాలి ప్రవహిస్తుంది. దీని గురించి 1958లో వివరంగా రాసిన శాస్త్రవేత్త, తరువాత భారత వాతావరణ శాఖకు అధిపతి అయిన పి. కోటేశ్వరం. ప్రయాణికుల విమానాలు దానికి కాస్త దిగువన ఎగిరినా, ఆ రోజుల్లో దారిలో తగిలే పడమటి గాలి బలహీనంగా ఉంటుంది కనుక, జనవరిలో కనిపించేంత తేడా రానుపోను సమయాల మధ్య జూలైలో ఉండదు.